దుబ్బయ్య వలలో చేప పడిన రోజు

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో సిద్దిపేట బజారులో నూలు దొరకడం గగనమైపోయింది. బట్టలు చిరిగితే కుట్టుకునే దిక్కు లేదు, వలలు చిరిగితే అల్లుకునే దిక్కు లేదు. అలాంటి కాలంలో కూడా మా వాడలో ఒక్క మనిషి మాత్రం తన వల చిరుగుతున్నకొద్దీ ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. ఆయన పేరు దుబ్బయ్య.

ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. ఈ సంగతి తలుచుకుంటే నాకే ఓపిక ఉండదు, అయినా చెబుతాను.

ఎండాకాలంలో కోమటిచెరువు నీళ్ళు అడుగంటాక మా వాళ్ళంతా ఒకే రోజు చేపల వేటకు దిగుతారు. అందరికంటే ముందు వాడలోకెల్లా ముసలి వల నీళ్ళను తాకాలి. అది ఖాళీగా పైకి రావాలి. వస్తే గంగమ్మ తల్లి తన వాటా తీసుకుందని అర్థం. ఖాళీగా రాక ఏం చేస్తుంది, దాంట్లో దారం కంటే తూట్లే ఎక్కువాయె! ఈ ముక్క నేనొకసారి పైకి అన్నాను. చాలా రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు.

ఆ వల గలవాడికి తలకు కొత్త రుమాలు కడతారు. ప్రతి ఇంటివాడూ తను పట్టినదాంట్లోంచి ఒక చేప తెచ్చి ఇస్తాడు. షరతు ఒక్కటే. ఆ వలకు కొత్త దారం తగలకూడదు. తగిలిందా, దాని ముసలితనం పోయినట్టే. అందరి వలలూ చిరిగితే మూలకు పోతాయి, దుబ్బయ్య తాతల నాటి వల మాత్రం చిరిగినకొద్దీ విలువ పెంచుకుంది. ఎలుకలు కొరికిన ఏడు ఆయన ఎలుకలకు బెల్లం పెట్టాడు.

దుబ్బయ్యకు గుంట భూమి లేదు. ఏడాది పొడుగునా మట్టి మోసే కూలి, ఆ ఒక్క పూట మాత్రం పెద్దమనిషి. ఆ రుమాలు పోతే ఆయనకిక మిగిలేది ఏమీ లేదు. ఇది అందరికీ తెలుసు, కాశయ్యకు ఇంకా బాగా తెలుసు. వాడలో రెండో ముసలి వల కాశయ్యది. చేపలు పట్టడంలో అతన్ని మించినవాడు లేడు, అయినా మనసంతా ఆ రుమాలు మీదే.

దుబ్బయ్య భార్య ఎల్లవ్వకు ఆ వలంటే ఒళ్ళుమంట. జనం బొచ్చెలూ కొరమీనులూ ఇంట్లో దాచుకుని, వేలెడంత పరకలు తెచ్చి ఆమె గిన్నెలో పడేసేవారు.

"గీ ఇంటికొచ్చినకాన్నుంచి నువ్వు పట్టిన చేప ఒక్కటన్న తిన్ననా? మంది పడేసిన పరకలేనాయె" అనేది.

"పిచ్చిదానా, గది చేపలు పట్టే వల గాదే. ఇజ్జత్ ఉన్న వల" అనేవాడు దుబ్బయ్య.

"అయితే ఇజ్జతే పులుసు వెడ్త, తిను."

ఆ ఏడు హోళీ తర్వాత దుబ్బయ్య మేనమామ ఇంట్లో పెండ్లికని బెజ్జంకి పోయి, అక్కడే పాతుకుపోయాడు. ఎల్లవ్వ దూలానికి వేలాడే వలను కిందికి దించింది. నూలు లేకపోతేనేం, అంతకుముందే పెరట్లో జనుము వేసి, నార తీసి, తొడ మీద దారం పేని పెట్టుకుంది. ఆ దారాన్ని తంగేడు చెక్క ఉడికించిన నీళ్ళలో ముంచి పాతదాని రంగుకు తెచ్చింది. వెదురు సూది పట్టుకుని ఒక్కో తూటూ పూడ్చింది. దానివల్ల ఏం పోతుందో ఆమెకు తెలియదనుకోకండి. మొగుడు పట్టిన చేప ఒక్కసారి తింటే చాలు, తర్వాత ఎన్ని తిట్లయినా తినవచ్చు అనుకుంది.

వేట రోజు వచ్చింది. దుబ్బయ్య ఎల్లవ్వ ముందే పసుపు గుడ్డలో చుట్టిపెట్టిన వలను నెత్తిన పెట్టుకుని పెండ్లికొడుకులా నడిచాడు. ఒడ్డుకు చేరేదాకా దాన్ని విప్పకూడదు. విప్పాక కూడా ఆయన చూడలేదు, కళ్ళు మూసుకుని గంగమ్మను తలచుకుని విసిరాడు.

ఎప్పుడూ తడిగుడ్డలా దభాలున పడే వల గుండ్రంగా పరుచుకుంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. దుబ్బయ్య లాగాడు, రాలేదు. బలం పెట్టి లాగాడు. చంటిపిల్లంత బొచ్చె చేప తన్నుకుంటూ పైకి వచ్చింది.

ఒడ్డు మీద వాళ్ళంతా ముందుకు తోసుకొచ్చారు. దుబ్బయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. చేప పడిందని అంతగా భయపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"గిది ముసలి వలెట్లయితది? చేప వడ్డది!" అని కాశయ్య కేకపెట్టాడు.

"మా తాత వలనే!" అన్నాడు దుబ్బయ్య.

"అట్లనా? అయితే గంగమ్మ తల్లి మన వాటా వద్దన్నదా? వాడకంత అరిష్టమేనా?"

దుబ్బయ్య ఇరుక్కుపోయాడు. కొత్త వలంటే రుమాలు పోతుంది. పాత వలంటే వాడకు అరిష్టం తెచ్చినవాడవుతాడు.

కులపెద్ద రాజమల్లయ్య ముందుకు వచ్చాడు. నిరుడు ఈ వల ఆరేసినప్పుడు ఆయన తల ఒక తూటులోంచి సాఫీగా దూరిపోయింది, అందరం చూసి నవ్వాం. ఇప్పుడు అదే పరీక్ష అన్నారు. ఆయన తన రుమాలు తీసి, వలలో తల పెట్టి ఇటు తోశాడు, అటు తోశాడు. ఏ కన్నులోనూ దూరలేదు.

"చూసిన్రా!" అన్నాడు కాశయ్య.

"వలకేం గాలె. పెద్దయ్య తలనే పెరిగింది" అన్నాడు దుబ్బయ్య తెగించి.

నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ఎవరో పోయి రాజమల్లయ్య నిరుడు కట్టుకున్న రుమాలు పట్టుకొచ్చారు. కట్టి చూస్తే ఒక చుట్టు తక్కువైంది. ఉతికీ ఉతికీ గుంజుకుపోయి ఉంటుందయ్యా అని నేను మొత్తుకున్నాను. వింటే కదా! తల పెరిగిందన్న మాట రాజమల్లయ్యకు కూడా నచ్చినట్టే ఉంది, గొంతు సవరించుకున్నాడు.

"నా తల పెరిగిన మాట నిజమే. వల పాతదే. దుబ్బయ్యా, గా చేపను నీళ్ళల్ల ఇడిసిపెట్టు. తల్లి తీస్కుంటది. ఎప్పటి లెక్కనే వల ఖాళీ అయితది. రుమాలు నీదే."

దుబ్బయ్యకు ప్రాణం లేచొచ్చింది. చేపను రెండు చేతులా ఎత్తుకుని మోకాలి లోతుకు దిగాడు. వదలబోతూ ఒడ్డు వైపు చూశాడు. ఆడవాళ్ళ మధ్యలో ఎల్లవ్వ నిలబడి ఉంది. ఆమె కళ్ళు మొగుడి మీద లేవు, రుమాలు మీద లేవు. చేప మీద ఉన్నాయి. బెజ్జంకి నుంచి వచ్చిన రోజున, అరచేతులు ఎందుకు కమిలాయని ఆయన అడిగితే, వడ్లు దంచానని చెప్పిందట. ఇంట్లో దంచేటన్ని వడ్లు ఎప్పుడున్నాయి గనక! ఆయనకు అప్పుడర్థమైంది. 

దుబ్బయ్య చేపను గుండెకు హత్తుకుని ఒడ్డెక్కాడు.

"పెద్దయ్యా, నీ తల పెరగలె. గిది కొత్త వల. మా ఎల్లవ్వ అల్లింది. చేప మాది."

అందరికంటే ఎక్కువ చిన్నబోయింది రాజమల్లయ్య.

రుమాలు కాశయ్యకు కట్టారు. ఇకనుంచి నీ వలకు కుట్టు పడొద్దని అక్కడికక్కడే చెప్పారు. మొదటి వల అతనే విసరాలి గనక విసిరాడు. బాగున్న వలాయె, నిండా చేపలు పడ్డాయి. రాజమల్లయ్య కొత్త తీర్పు ప్రకారం కాశయ్య అన్నీ వదిలేశాడు. ఈసారి అది చాలదు, ఉత్త వలే పైకి రావాలన్నారు జనం. మళ్ళీ విసిరితే మళ్ళీ పడ్డాయి. వల ఖాళీగా వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. అప్పటిదాకా మేమంతా ఒడ్డున కూర్చుని చెమటలు తుడుచుకున్నాం.

సాయంత్రం పొద్దు వాలుతుండగా ఎల్లవ్వ ఇంటి పులుసు వాసన వాడంతా కమ్మేసింది. నేను ఊరికే అటు వైపు పోయాను. దుబ్బయ్య ఉత్త నెత్తితో పీట మీద కూర్చుని వేళ్ళు నాకుతున్నాడు. కాశయ్య కొత్త రుమాలుతో, గిన్నెలో జనం ఇచ్చిన పరకలతో గుమ్మం దగ్గర తచ్చాడుతున్నాడు.

"వదినె, విసిరి విసిరి నా వలకు రెండు తూట్లు వడ్డయి. ఎవ్వలికి ఎరుక గాకుంట జర కుట్టియ్యరాదు" అన్నాడు గొంతు తగ్గించి.

ఎల్లవ్వ చేప తలకాయ చీకుతోంది. తొందరేమీ పడలేదు. ముల్లు తీసి పక్కన పెట్టింది.

"వద్దు కాశయ్యా" అంది. "దాని ఇలువ పోతది."