తప్పు కేకు

ముక్క ఊడి రాలేదు. మరెన్ పట్టకారుతో అంచు పట్టుకుని, కాలు నేలకు తన్నిపట్టి లాగినా, గచ్చు పట్టు పరీక్షించడానికి తను అంటించిన వినైల్ షీటు ముక్క చిరిగిందే తప్ప లేవలేదు.

"చూశావా! ఇక గచ్చు బాగుందని సంతకం పెట్టెయ్," అన్నాడు సైటు మేనేజరు ప్రెబెన్. "సోమవారం నుంచి షీటు పరిచేయొచ్చు. గచ్చు పోసింది మీ నాన్న. మన దగ్గర పని చెడగొట్టినవాడు కేకు తేవాలి కదా, ఆయనకి ఇంతవరకూ బేకరీ దారే తెలీదు!"

మరెన్ నవ్వలేదు. ఆ ముక్క అంటించిన రోజు గచ్చును గోటితో గీకితే పిండి రాలింది. నీళ్లెక్కువైన గచ్చు పైన అలాంటి నాసి పొరే కడుతుంది. అది ఇంత గట్టిగా పట్టుకుంటుందా? ఇది వృద్ధాశ్రమం నడవా. రేపు షీటు ఉబ్బి లేచి ఏ ముసలమ్మో తుంటి విరగ్గొట్టుకుంటే, కాగితం మీద ఉండేది తన సంతకం.

"ఊడితే ఏడుపు, ఊడకపోయినా ఏడుపేనా?" అన్నాడు ప్రెబెన్.

నడవా తాళంచెవి వీడి దగ్గరే, తొందరంతా వీడిదే. పైగా ఈ మధ్య ఎన్నడూ లేనంత మర్యాద. ఎందుకో?

ప్రెబెన్ వెళ్లాక ఆమె మోకాళ్ల మీద కూర్చుని చిరిగిన చోట చూసింది. జిగురులో పళ్ల తాపీ గీసిన వంపులు. మరెన్‌ది ఎడమచేతి వాటం. ఈ వంపులు అద్దంలో చూసినట్టు రెండోవైపు తిరిగి ఉన్నాయి. ఎవరో తన ముక్క పీకేసి, కింద నాసి పొర గీకి, కొత్త ముక్క అంటించారు. ప్రెబెన్ జన్మలో తాపీ పట్టినవాడు కాదు. ప్రతి వంపు చివరా చిన్న కొక్కెం. తాపీ అలా తిప్పి ఎత్తే మనిషిని ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తోంది.

కాఫీ గదిలో తండ్రి థోర్కిల్ రై రొట్టె తింటున్నాడు. వచ్చే నెల రిటైరవుతాడు. ఇదే ఆయన ఆఖరి గచ్చు.

"వేరే చోట ఇంకో ముక్క అంటిస్తున్నా," అంది మరెన్ అందరూ వినేలా. "ఈసారి తాళంచెవి నా దగ్గరుంటుంది."

"నా గచ్చు మీద నమ్మకం లేదా?" అన్నాడు తండ్రి.

"నమ్మకం పోయింది గచ్చు మీద కాదు, నాన్నా."

ఆయన రొట్టె డబ్బా మూసి లేచిపోయాడు. ఆ కొత్త ముక్క లాగి చూసే రోజు వచ్చేదాకా ఆమెతో మాట్లాడలేదు.

ఆ రోజు పొద్దున్న కాఫీ బల్ల మీద బేకరీ పెట్టె ఉంది. పక్కన థోర్కిల్, తల వంచుకుని.

"ఎవరి పుట్టినరోజు?" అన్నాడు ప్రెబెన్.

"ఎవరిదీ కాదు. కేకు నాది." ఆయన కూతురి వైపు తిరిగాడు. "లాగక్కర్లేదమ్మా. మొదటి ముక్క మార్చింది నేనే. పైపొరంతా గీకేసి మళ్లీ పోస్తా."

మరెన్ తన వంతు కేకు తింది. ఆయన మాట చాలని అనుకోవాలని ఎంతో ఉంది. అయినా పట్టకారు తీసుకుని నడవాలోకి వెళ్లింది. తండ్రి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, వద్దనలేదు.

పట్టకారు అవసరం పడలేదు. రెండు వేళ్లతో పట్టుకుంటే ముక్క పిండితో సహా లేచి వచ్చేసింది. ఊడకుండా ఉంటే బాగుండునని ఆమె కోరుకున్నది ఆ ఒక్కసారే.