‘శాడ్’ పాఠం

రమేష్‌బాబుకు ఇంగ్లీషు మాటలంటే పిచ్చి. నౌపడ దగ్గరి హైస్కూల్లో పొద్దున్నే ప్రార్థన అయ్యాక ‘నేటి పదం’ చెప్పేది ఆయనే. అర్థం చెప్పి వదిలేసే మనిషి కాదు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎన్ని నోళ్ళలో నాని ఇలా తయారైంది, ఎక్కడ ఎలా వాడాలి, అన్నీ చెబితేగానీ పిల్లల్ని క్లాసులకు పోనిచ్చేవాడు కాదు. ఎండలో నిలబడి వాళ్ళ కాళ్ళు పీకేవి. ఇంట్లో భార్య అనూరాధకూ అదే శిక్ష. ఆవిడ మాత్రం బియ్యం ఏరుకుంటూ, నవ్వుతూ వినేది.

ఆ అనూరాధ జ్వరమని పడుకుని నాలుగో రోజుకు పోయింది. రమేష్‌బాబు ఏడవలేదు. శవాన్ని ఎత్తినప్పుడూ ఏడవలేదు, పదమూడో నాడు పెద్దకర్మలోనూ ఏడవలేదు. బిగబట్టుకున్నాడా అంటే అదీ కాదు. ఏడుపు రాలేదు, అంతే. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. మనిషి లోపలంతా మొద్దుబారిపోయాడు.

అత్తగారు జగ్గమ్మ ఆయనకు సొంత మేనత్త. పదమూడు రోజులూ చూసింది. పద్నాలుగో రోజు పొద్దున్నే ఆరేళ్ళ మనవరాలు యమున బట్టలు సంచిలో సర్ది, అల్లుడి ఎదుట నిలబడింది.

“ఒరే రమేసూ, పిల్లని నాతో తీసుకుపోతన్నాను. పెళ్ళాం పోతే సుక్క కన్నీరు రానోడివి, పిల్ల ఏడిస్తే నీకేటి తెలుస్తాది? ఒక్కమాట సెప్పు. నీకు బాధ నేదేటిరా?”

వద్దనమని అడగడమే అది. ‘ఉందత్తా, పిల్లని ఉంచెయ్యి’ అంటే సంచి అక్కడే దించేసేది. రమేష్‌బాబుకూ అదే అనాలని ఉంది. కూతురు కూడా వెళ్ళిపోతే ఇంక తనకేమీ మిగలదని తెలుసు. నోరు తెరిచాడు. నోటికి అలవాటైనదే వచ్చింది.

“బాధగా ఉంటే ఇంగ్లీషులో శాడ్ అంటారత్తా. పూర్వం దానికి ఆ అర్థం నేదు. కడుపు నిండిపోయి ఇంక ముద్ద దిగనోడిని అలాగనేవారు. తరవాత బరువెక్కిపోయినోడిని అన్నారు. ఆ తరవాత…”

“పాఠం సెప్తన్నావేట్రా?” అంది జగ్గమ్మ. “నా కూతురు సచ్చిపోతే, నాకు ఇంగ్లీసు పాఠం సెప్తన్నావా?”

తన సంగతే చెబుతున్నానని ఆయనకు తెలియలేదు. ఆవిడకు అంతకన్నా తెలియలేదు.

సంచి బరువుగా ఉందని, తగుదునమ్మా అంటూ స్టేషను దాకా ఆయనే మోశాడు. టిక్కెట్లు తీసి, కిటికీ పక్క సీటు చూసి పిల్లను కూర్చోబెట్టాడు. జగ్గమ్మ ఆయన మొహంలోకే చూస్తూ ఉంది.

“నాన్నా, నువ్వెప్పుడొస్తావు?” అంది యమున.

ఆయన చెయ్యి ఊపాడు. బండి కదిలింది. ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటాక నోరు పెగిలింది.

“పిల్లని ఉంచెయ్యత్తా,” అన్నాడు, స్పష్టంగా.

బెంచీ మీద పడుకున్న ముసలాయన తల ఎత్తి, “నన్నేనేటి బాబూ?” అన్నాడు.