అన్నీ ఎడమ చేతులే

మాస్టారు ఆల్టరేషన్ కొట్టు పెట్టి తొమ్మిదేళ్లయింది. బోర్డు మీద ఏ పేరు రాయించినా జనం మాత్రం ‘ఎడం చేతుల మాస్టారి కొట్టు’ అనే అంటారు. కొత్తవాళ్లు ఆయన ఎడమ చేత్తో కుడతాడేమో అనుకుంటారు. పాతవాళ్లకు అసలు సంగతి తెలుసు, తెలిసే నవ్వుతారు.

అంతకుముందు ఆయన ఆసుపత్రి యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టారు. గుడ్డ పొరల్ని ముఖానికి ముఖం పెట్టి పరిస్తే ఒక్క గీతకే చొక్కా కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ రెండూ వస్తాయి. అన్నీ ఒకవైపే పరిస్తే రెంటికీ వేరువేరుగా గీయాలి. ఒక ఆగస్టులో, జ్వరంతో డ్యూటీకి వచ్చిన రోజున, ఒకవైపే పరిచిన గుడ్డ మీద ఆయన ఒక్క గీతే గీశాడు. ఆరు వేల చేతులు తెగాయి. అన్నీ ఎడమవే.

అక్టోబరులో గేటుకు తాళం పడింది. మేనేజరు మెట్లెక్కి, “క్వాలిటీ దెబ్బతింది, ఆర్డర్లు పోయాయి” అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? జనం తలలన్నీ ఒక్కసారిగా మాస్టారి వైపే తిరిగాయి. అదే ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజరుగా ఉన్న సొంత అక్క తల కూడా. ఆ రోజు నుంచి అక్క ఇంట్లో ఆయన పేరు మామూలుగా పలికినవాళ్లు లేరు. ఇంతమంది కడుపు కొట్టానే అని ఆయన కూడా నమ్మాడు. పెళ్లిళ్లలో చివరి వరసలో కూర్చోవడం నేర్చుకున్నాడు.

ఇప్పుడు ఆ అక్క కూతురు కొట్టు మధ్యలో చెక్క స్టూలెక్కి నిలబడి ఉంది, కచ్చాకుట్టు వేసిన నల్లకోటు తొడుక్కుని. రేపు పొద్దున పదింటికి ఇంటర్వ్యూ. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఇంటర్న్‌షిప్పు, నలభై మందికి ఒక్కటే సీటు. ఈ పిల్ల తన చేతి కోటుతో వెళ్లి ఆ సీటు కొట్టుకొస్తే, ఆ ఇంట్లో తన పేరు చివర ఆ వెక్కిరింపు ఊడిపోతుందేమోనని మాస్టారి ఆశ.

“మావయ్యా, మొహం సీరియస్‌గా పెట్టు. వాళ్లు నవ్వరు.”

“పుట్టినప్పటి నుంచీ నాది ఇదే మొహం. అడగమంటావా?”

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. అందుకని మేనకోడలు ప్రశ్నలన్నీ తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది. ఆయన గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

“ఎబిట్డా... ఎవరమ్మా ఈయన, మీ ప్రొఫెసరా?”

“వడ్డీలూ పన్నులూ అవీ తియ్యకముందు కంపెనీ సంపాదన మావయ్యా! నువ్వు అడుగు చాలు, అర్థం చేసుకోకు.”

“అదీ నిజమే. ఇన్నాళ్లూ అలాగే బతికాను.”

భుజం దగ్గర సూది గుచ్చుతూ తరువాతి ప్రశ్నకు వచ్చాడు. “ప్రాజెక్ట్ పావురం. ఇదేంటి, పక్షుల వ్యాపారమా?”

“నిజంగా జరిగిన డీలు, ఒక కంపెనీ అమ్మకం. మా సీనియర్ ప్రాక్టీసుకిచ్చింది. బ్యాంకుల్లో కంపెనీ అసలు పేరు బయటికి రానివ్వరు, ఇలా ముద్దుపేరు పెడతారు.”

“నాకూ పెట్టారులే.” కాగితం చూశాడు. “పావురానికి రెండు యూనిట్లున్నాయి. రెండోదాన్ని ఏం చేస్తావు?”

ఆమె వీపు నిటారుగా చేసి, గొంతు మార్చింది. “మూసేస్తానండీ. అక్కడ కుట్టే యూనిఫారాల కన్నా కింద ఉన్న స్థలం విలువ ఎక్కువ. మూడు వందల పన్నెండు మందిని తీసేస్తే కొనేవాళ్లకి సులువు. మెషిన్లు పాతవి. ఇరవై రెండు మీటర్ల కటింగ్ టేబుళ్లు రెండు, వాటి విలువ సున్నా.”

మాస్టారి చేతిలో సూది ఆగిపోయింది.

ఇరవై రెండు మీటర్లు. ఈ చుట్టుపక్కల ఏ కంపెనీలోనూ అంత పొడవు టేబుళ్లుండవు. వడ్రంగి పక్కన నిలబడి, ముక్కకు ముక్క అతికించి చేయించింది ఆయనే. ఏ అతుకు దగ్గర గుడ్డ పట్టుకుంటుందో ఇప్పటికీ అరచేతికి గుర్తే.

“ఎంతమందన్నావు?”

“మూడు వందల పన్నెండు.”

పెదాల మధ్య సూదుల్ని ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. “మూసెయ్యాలని ఎప్పుడు అనుకున్నారని ఉంది?”

ఆమె ఫోన్‌లో చూసి సంవత్సరం చెప్పింది. ఫ్యాక్టరీకి తాళం పడిన సంవత్సరమే. “మార్చి పద్నాలుగున బోర్డు మీటింగు.”

“మార్చి కాదు. ఆగస్టు అయ్యుంటుంది, సరిగ్గా చూడు.”

“మార్చే మావయ్యా. ‘తగిన సందర్భం చూసుకుని ప్రకటించాలి’ అని కూడా రాశారు.”

“ఆగస్టు గురించి ఏం లేదా?”

“ఉంది, కింద చిన్న అక్షరాల్లో. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, రేపు గ్యారంటీగా అడుగుతారు. కటింగ్‌లో పొరపాటు, ఒక బ్యాచ్ నష్టం. ఎప్పుడూ జరిగేది కాదు, ఒక్కసారి జరిగింది. అలాంటిదాన్ని లెక్కలోంచి తీసేసి చూడాలి. తీసేసినా ఏమీ మారదు, ఎందుకంటే ఆ చేతులు...”

ఆగిపోయింది. వారం రోజులుగా దాన్ని ఇంగ్లీషులో చదువుతోంది. అందులో అది ఎవరిదో నష్టం. తెలుగులో నోటితో చెప్పేసరికి అది మావయ్యదైపోయింది.

“మావయ్యా... ఇది మన ఫ్యాక్టరీనా?”

ఆయన స్టూలు కోళ్ల దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. పిల్ల కోటుతోనే దిగి పక్కన కూర్చుంది. సూదులు గుచ్చుకుంటున్నా కదల్లేదు.

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. గుమ్మంలోనే మొదలెట్టింది. “ఏరా, అయిందా? చూసి కుట్టు, రెండూ ఎడమవే పెట్టేవు. ఇదేంటి, ఇద్దరూ కింద కూలబడ్డారు? కోటు నలుగుతుందే పిల్లా, లే!”

మాస్టారు లేవలేదు. ప్రశ్నల కాగితం పైకెత్తి, ఇంటర్వ్యూ చేసేవాడిలాగే అడిగాడు. “అమ్మడూ, ఆ ఒక్క బ్యాచ్ నష్టాన్ని ఏం చేస్తావు?”

“తీసేస్తానండీ.”

“ఎందుకు?”

“మూసెయ్యాలని అంతకు ఐదు నెలల ముందే అనుకున్నారు కాబట్టి.” తల్లి వైపు తిరిగింది. “అమ్మా, మీ ఫ్యాక్టరీ మావయ్య వల్ల మూతపడలేదే.”

ఫోన్ చూపించి అంతా చెప్పింది. అక్క కుట్టు మిషను పట్టుకుని నిలబడిపోయింది.

“మార్చి నెలాఖరున నాకు గోడ గడియారం ఇచ్చార్రా. మాది బెస్ట్ లైనని. ఆ మేనేజరే చప్పట్లు కొట్టాడు.”

మాస్టారు తల ఎత్తి అక్కను చూశాడు.

“తొమ్మిదేళ్లుగా ఆ గడియారం చూసే నిన్ను తిట్టుకున్నాను. వీడు గానీ లేకపోతే ఇంకా అక్కడే ఉండేదాన్ని కదా అని.”

“రేపు దీన్నే అడిగితే నేనేం చెప్పను మావయ్యా?”

“నేర్చుకున్నదే చెప్పు. మూసేస్తాననే చెప్పు. ఉన్నది ఒక్క సీటు.” మాస్టారి మాటలో చేదు దాగలేదు. “నా కోపం కోటులో పెట్టి కుట్టనులే. లేచి చెయ్యి చాపు.”

సూదిలో దారం ఎక్కించబోయాడు. మూడుసార్లూ బెజ్జం తప్పింది. అక్క సూది లాక్కుని, ఎక్కించి ఇచ్చింది. ఎప్పటిలా రెండూ ఎడమవేనేమో అని కోటు చేతులు పక్కపక్కన పెట్టి చూడలేదు.

మాస్టారు కుట్టసాగాడు. కాసేపటికి తల ఎత్తకుండానే అన్నాడు. “నాకు తెలిసింది, నీకు తెలిసింది. మిగతా మూడు వందల పది మందికి ఎవరు చెప్తారక్కా? వాళ్లు కనిపిస్తారని నేను సందులు మారి నడిచాను.”

అక్క చెప్పులు విడిచి, గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. ఫోన్ తీసి, ఒకప్పుడు తన లైనులో కుట్టిన ఒకామె నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు.

“ఒసే, నేనే. నుంచున్నావా, కూర్చున్నావా? ముందు కూర్చో. మాస్టారి సంగతి చెప్పాలి... ఏ మాస్టారేమిటే? మన మాస్టారు!”