ముందే చెప్పేసే బావ

ఆ పొద్దున ఆకాశం సరిగా పిండకుండా ఆరేసిన పంచెలా ఉంది. చినుకూ పడదు, ఎండా రాదు. అలాంటి రోజున కోతమిల్లులో రంపపు పొట్టు గాలికి లేవదు. ఎక్కడిదక్కడ కాళ్లకింద మెత్తగా పడి ఉంటుంది.

మిల్లులో నా పని దుంగల మీద సుద్దతో గీతలు పెట్టడం. ఎక్కడ కోయాలో, ఎంత మందాన కోయాలో నేను గీస్తే రంపం మేస్త్రి కోస్తాడు. పెద్ద రంపం తిరుగుతున్నంతసేపూ అక్కడ మాటకు చోటుండదు. నాలాంటివాడికి అతికినట్టు సరిపోయే ఉద్యోగం. "వీడి నోట్లోంచి మాట రావాలంటే టిక్కెట్టు కొనుక్కోవాలి" అంటుంది మా అక్క.

ఆ రోజు ఒక ముసలి దుంగ కోస్తుంటే రంపం కీచుమని అరిచి ఆగిపోయింది. రెండు పళ్లు విరిగాయి. చూస్తే దుంగ నడిమధ్యన ఇనుప కొక్కెం. చెట్టు లేతగా ఉన్నప్పుడు ఎవరో దిగ్గొట్టి ఉంటారు. చెట్టు దాన్ని మింగేసి, పైన బెరడు కప్పుకుని, ఏమీ ఎరగనట్టు పెరిగిపోయింది. కొక్కెం చుట్టూ చెక్క మాత్రం కాటుక చెరిగినట్టు నల్లబడింది.

"ఏ పుణ్యాత్ముడు కొట్టాడో గాని, వాడి చెయ్యి చల్లగుండ" అని మేస్త్రి పళ్లు నూరాడు. కొక్కెం అందరి చేతులూ తిరిగి నా చేతికొచ్చింది. జేబులో వేసుకున్నాను. అలవాటు కొద్దీ మనసులో మొదటి వాక్యం కట్టుకున్నాను. దానికి బావ ఏమంటాడో కూడా తట్టింది. ఆ వెంటనే, బావ ఇప్పుడేమీ అనడని గుర్తొచ్చింది.

బావంటే మా అక్క భర్త. ఒకప్పుడు ఆ రంపం దగ్గర ఆయనే మేస్త్రి. నన్ను చిన్నప్పటినుంచి ఇంట్లో పెట్టుకుని సాకింది, పనిలో పెట్టించింది ఆయనే. రంపం ఆయనకు అన్నాళ్లూ కూడు పెట్టి, బదులుగా చెవులు పట్టుకుపోయింది. పని మానేసి ఇంట్లో కూర్చునే నాటికి ఆయనతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. అక్క చించుకునేది. మామూలుగా మాట్లాడడమే రాని నేను ఇక అరవడమా? ఒక చెక్కకు నల్లరంగు పూసి, సాయంత్రంపూట మిల్లు కబుర్లు సుద్దతో దాని మీద రాసి చూపించడం మొదలుపెట్టాను.

చూపించడం అన్నాను గాని, రాసేదాకా ఆగే ఓపిక బావకెక్కడిది? నా భుజం మీదుగా తొంగిచూస్తూ, పడిన మాట పడినట్టే చదువుతూ, మిగతాది తనే పూర్తిచేసేసేవాడు. తనకు వినపడదు గనక, వీధి చివరిదాకా వినపడేటట్టు.

"కొత్త డ్రైవరు చెప్పులు" అని రాశానో లేదో, "పోయాయంటావు, అంతేగా" అన్నాడొకసారి.

నిజానికి పోయాయి. కాని ఆయన చెప్పేశాక మళ్లీ అదే రాయాలంటే నాకు రోషం. "ఒక్కటే పోయింది" అని రాశాను.

"కుక్క ఎత్తుకుపోయి ఉంటుంది."

అయితే కుక్క కాదు. "ఎవడో తనదనుకుని వేసుకుపోయాడు" అన్నాడు. అదీ కాదు. ఆయన ఒక్కో దారీ మూసేస్తుంటే నేను కంచె సందుల్లోంచి దూరిపోతూ, చివరికి ఆ చెప్పును నేనే అనుకోని చోటికి చేర్చాను. బావ తొడ చరుచుకుని నవ్వాడు. "దొంగవెధవా, ఎక్కణ్ణుంచి తెస్తావురా ఇవన్నీ?"

ఆ నవ్వుకోసం మర్నాడు మళ్లీ. ఆ మర్నాడూ మళ్లీ. చెక్క మీద రాసినవి కాగితాల మీదికెక్కించి పత్రికకు పంపితే కొన్ని అచ్చయ్యాయి కూడా. మిల్లులో నన్ను 'రచయితగారూ' అని పిలవడం మొదలైంది, సగం వెటకారంగానే అనుకోండి. నాకు మాత్రం ఇదంతా నా బుర్రలోనే పుట్టిందన్న నమ్మకం కుదిరిపోయింది.

ఈ మధ్యనే మా మేనకోడలు తన జీతం కూడబెట్టి నాన్నకు చెవి మిషను కొనిచ్చింది. బంగారంలాంటి పిల్ల. మిషను పెట్టుకున్న పూట బావ మొట్టమొదట విన్నది అక్క సణుగుడు.

"ఇన్నేళ్లూ ఇలాగే సణుగుతున్నావా?" అన్నాడు.

"వినపడదు కదా అని మానేశాననుకున్నారా?" అంది అక్క.

ఆ రోజు అందరం నవ్వుకున్నాం. నల్లచెక్క నీళ్లతొట్టి మీదికి మూతగా వెళ్లింది.

అక్కణ్ణుంచి నాకు రాత నిలిచిపోయింది. సాయంత్రం బావ "ఏరా, మిల్లు సంగతులేంటి?" అంటాడు. "ఏముంది బావా, మామూలే" అంటాను. ఆయన టీవీ పెట్టుకుంటాడు. నేను కాగితం తీసుకుని గదిలో కూర్చుంటే, మొదటి మాట పడగానే చివరి మాట కనిపించేస్తుంది. తిన్నటి రోడ్డు మీద నడిచినట్టు. ఇక రాయడమెందుకు?

నా అవస్థ చూసి మేనకోడలు ఫోనులో ఏవేవో వెతికింది. "రోజూ నాలుగింటికే లేవాలి మామయ్యా. ఒకేచోట కూర్చోవాలి. బుద్ధి పుట్టినా పుట్టకపోయినా కూర్చోవాలి."

లేచాను. కూర్చున్నాను. పెన్సిలు చెక్కాను. చెక్కతో చేసే పని గనక అది మాత్రం బాగానే వచ్చింది. మాటలు రాలేదు. నాకున్నది అంతేనేమో, ఊటబావి అనుకున్నది వానకు నిండిన గుంటేమో అని గుబులు పట్టుకుంది. అన్నం తింటున్నా అదే, గీతలు పెడుతున్నా అదే.

కొక్కెం దొరికిన సాయంత్రం దాన్ని తీసి బావ ముందు పెట్టాను.

"దుంగలో వచ్చింది."

"అలాగా. రంపం?"

"రెండు పళ్లు పోయాయి."

"అయ్యో."

అయిపోయింది. అంత చెట్టు, అంత కాలం, అయ్యోతో సరి. బావ కొక్కేన్ని తిప్పితిప్పి చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. కిటికీలో పెట్టి టీవీ వైపు తిరిగాడు.

మామూలుగా అయితే నేను లేచి పెరట్లోకి పోయేవాణ్ణి. పోలేదు.

"బావా, నేను రాయలేకపోతున్నా."

"అదేంట్రా? ఇప్పుడు బోలెడు తీరిక కదా."

"నువ్వు ముందే చెప్పేస్తే గాని నాకు రాదు."

బావ చెవిలో మిషను సర్దుకున్నాడు. సరిగా వినలేదేమో అనుకున్నట్టున్నాడు. నాకిక తప్పలేదు.

"నువ్వు ప్రతిదీ ముందే అనేసేవాడివి. నాకు ఒళ్లు మండేది. నువ్వన్నది కాకుండా ఇంకోటి రాయాలని రాసేవాణ్ణి. అవే కథలయ్యాయి. అంతా నా తెలివే అనుకున్నాను బావా. సగం నీదే. నీకెప్పుడూ చెప్పలేదు. ఇన్నాళ్లూ నా పక్కన కూర్చున్నందుకు నీకు నేను ఎంతో రుణపడి ఉన్నాను."

పుట్టి బుద్ధెరిగాక నేను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఉండను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఎవరి మాటైనా సగంలో అందుకునే బావ ఒక్క ముక్క అందుకోలేదు. చివరిదాకా విన్నాడు. ఇదే నల్లచెక్క మీద రాయబోయి ఉంటే, రెండో మాటకే తను పూర్తిచేసి, నవ్వి, అరచేత్తో తుడిచేసేవాడు. ఆ మిషను కొన్న పిల్లకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

బావ కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తరవాత అన్నాడు: "మీ అక్క సణిగేది అదేరా. 'వాణ్ణి రాసుకోనివ్వండి, మధ్యలో మీ గోలేంటి' అని. చెవులొచ్చాక నేను విన్న మొదటి మాట అది. పాపం ఇన్నేళ్లూ నీకు అడ్డం పడ్డానే అనుకున్నా. అందుకే నోరు కట్టేసుకున్నా."

"నా మాట మీరెన్నడు విన్నారని, ఇదొక్కటీ వినడానికి?" అంది అక్క గుమ్మంలోంచి. కళ్లు మాత్రం కొంగుతో ఒత్తుకుంటోంది.

"అయితే నాలుగింటికి లేవక్కర్లేదన్నమాట" అంది మేనకోడలు, కాగితాలు తెచ్చి నా ముందు పడేస్తూ.

బావ కుర్చీ లాక్కుని నా వెనక చేరాడు. నేను రాశాను: "ఆ కొక్కెం కొట్టినవాడు దాన్ని"

"ఉయ్యాల కట్టడానికి కొట్టాడంటావు."

సరిగ్గా అదే రాయబోతున్నాను. పెన్ను ఆగింది. లోపల పాత రోషం చితుకులు అంటుకున్నట్టు చిటపటలాడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. "గొడుగు తగిలించడానికి" అని రాశాను.

"చెట్టుకింద నిలబడేవాడికి గొడుగెందుకురా?"

"గొడుగు వాడిది కాదు."

"పెళ్లాందా?"

కాదు.

"అయితే ఎవరో మరిచిపోయి వెళితే, వాళ్లు మళ్లీ వస్తారని దాచి ఉంచాడు. అంతేగా?"

రెండు దారులు ఒక్క దెబ్బతో మూసేశాడు. గొడుగు ఎవరిదో నాకూ తెలియదు. మూడో దారి వెతుక్కుంటూ ఆ పేజీ నిండింది, వెనకపేజీ సగం నిండింది. బావ ఒకసారి గెలిచాడు, నేను కొట్టేసి మళ్లీ రాశాను.

అక్క కంచాలు పెట్టింది. బావ చెవి మిషను తీసి పక్కన పెట్టాడు. అది ఉంటే నమిలినప్పుడల్లా తలలో రంపం తిరిగినట్టుంటుందట. నలుగురం కూర్చున్నాం. అక్క అందరికీ వడ్డించి తనూ పెట్టుకుంది.  బావ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. ఏదో తట్టినట్టు కనుబొమలెగరేసి, వేళ్లతో గొడుగు తెరిచినట్టు, మూసినట్టు చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కాసేపు ఆలోచించి, మళ్లీ తినసాగాడు.