లోపలి గడియ

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నానికి కూర్చునే ముందు, డేవిడ్‌రాజు తలుపుల బందులకు నూనె వేస్తాడు. కుట్టుమిషను నూనె సీసా పట్టుకుని ముందు గది తలుపు, పడకగది తలుపు, వంటింటి తలుపు, దొడ్లో స్నానాల గది రేకు తలుపు, ఒక్కో బందుకు రెండు చుక్కలు. వేశాక తలుపును చిటికెన వేలితో నెట్టి, చెవి ఒగ్గి వింటాడు. చప్పుడు రాకపోతే అప్పుడు సీసాకు మూత పెడతాడు. ఉదయగిరిలో ఆ వీధి ఆడవాళ్లకు అదొక ముచ్చట. "పెట్టి పుట్టినావు మే సుధారాణీ. మా ఇంట్లో తలుపు ఊడి నెత్తిన పడినా మా ఆయన మంచం దిగడు" అంటారు. సుధారాణి నవ్వి ఊరుకుంటుంది.

ఆ ఇంట్లో తలుపులకు లోపలి వైపు గడియలు లేవు. ఒకప్పుడు ఉండేవి. పెళ్లయిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి ఆమె పడకగదికి గడియ పెట్టుకుని పడుకుంది. అతను తట్టాడు. లేచి చీర సర్దుకుని తీసేలోపు ఒక్క నిమిషం పట్టిందేమో. అతను అరవలేదు. చెయ్యి ఎత్తలేదు. మర్నాడు స్క్రూడ్రైవర్ తెచ్చి అన్ని గడియలూ విప్పి, పాలపొడి డబ్బాలో వేసి అటక మీద పెట్టాడు. "దేవుడికి కనపడనిది ఏముండాది మనింట్లో? నా దగ్గర దాపరికమేంది సుధా" అన్నాడు మెత్తగా. పదకొండేళ్లయింది. ప్రతి తలుపు మీదా నాలుగు స్క్రూ బొక్కలు మిగిలాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు ఆమె వాటిని చూడకుండా ఊడవడం నేర్చుకుంది.

స్నానాల గదిలో నిండు బకెట్టు తలుపుకు ఆనించి నీళ్లు పోసుకుంటుంది. బకెట్టు నేల మీద జరిగిన చప్పుడవుతుంది. తిరిగితే గుమ్మంలో అతను. "ఏం లేదు. ఊరికే, చూద్దామని." అంతే, వెళ్లిపోతాడు. ఫోన్లో మాట్లాడుతున్నా, బియ్యం కడుగుతున్నా, మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంటున్నా, మెడ వెనక ఏదో బరువు తెలుస్తుంది. ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో తెలియదు. ఆమె భయమంతా ఆ తెలియకపోవడం దగ్గరే. దెబ్బయితే తగులుతుంది, వాస్తుంది, వారానికి తగ్గుతుంది. ఇది తగలదు కాబట్టి తగ్గడమూ లేదు. ఆత్మకూరులో ఆఫీసు అయ్యాక ఆరుగంటల బస్సుకు రావలసినవాడు ఒకరోజు మూడుకే వస్తాడు. బస్టాండు దగ్గర పెట్టిన బండి మీద వచ్చి, వీధి మొగదలలోనే ఇంజను ఆపి, తోసుకుంటూ వస్తాడు. ఒకసారి కలిగిరి పోయి అమ్మకు చెప్పుకుంది. "కొట్టినాడా? తాగినాడా? ఇంకోదాన్ని తెచ్చి పెట్టినాడా? మరి నీ బాధేంది మే, కట్టుకున్నోడు చూస్తే కందిపోతావా?" అంది అమ్మ. చూపించడానికి సుధారాణి దగ్గర గాయం లేదు.

పొద్దున పూట ఆమె చెక్క గరిటెలు చేసే షెడ్డుకు పోతుంది. నర్ది చెట్టు చెక్కతో చేసిన గరిటెలను ఉప్పుకాగితంతో నున్న చేయడం ఆమె పని. రోజూ పదకొండింటికి మేస్త్రీ పెంచలనరసయ్య ఫోను పైకెత్తి అందరికీ వినపడేలా అంటాడు. "మీ ఆయనమ్మా. వచ్చిందా, ఎవురి పక్కన కూర్చున్నాది అని అడగతా ఉండాడు. ఫోటో తీసి పంపేదా?" షెడ్డంతా నవ్వుతుంది. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే ఏడవాల్సి వస్తుందని.

పూసల పని ఫోన్లో చూసి మొదలుపెట్టింది. గాజును మంటలో కరిగించి ఇనప పుల్ల చుట్టూ తిప్పితే పూస అవుతుంది. చూడటానికి అంతే. పనిముట్లు కొనాలంటే ఇంట్లో చెప్పాలి. చెప్పలేదు కాబట్టి అన్నీ చేసుకుంది. బజారులో కంసాలి కామయ్య పని మానేసి కొట్టు మూస్తూ, నగలు అతికే పాత గ్యాస్ మంట గొట్టం ఆమె చేతిలో పెట్టాడు. "చేతులు వణకతా ఉండాయమ్మా నాకు. నీకు పనికొస్తే ఉంచుకో." దాన్ని చెక్క దిమ్మకు బిగించింది. అప్పుడెప్పుడో ఉప్పు ఎక్కువైందని డేవిడ్‌రాజు గోడకేసి కొడితే పిడి విరిగిన దోసె పెనం ఉంది. దాన్ని బోర్లించి, కరిగిన గాజును దొర్లించే బల్ల చేసుకుంది. దబ్బనానికి చెక్క పిడి వేసింది. షెడ్డులో వంకరపోయి పారేసిన గరిటెను నీళ్లలో నానబెట్టి, పూసను ఒత్తే చెంచా చేసుకుంది. ఊక బూడిద నింపిన కుండ, పూసలు మెల్లగా చల్లారడానికి. గాజు, పగిలిన చేతి గాజులదే.

పుల్లల దగ్గరే తప్పు చేసింది. బట్టలారేసే, జింకు పూత ఉన్న తెల్ల తీగ ముక్క మిగిలితే కత్తిరించి మంటలో పెట్టింది. తెల్లటి పొగ లేచింది. నోరంతా తియ్యగా ఇనప రుచి. ఆ సాయంత్రం మొదలైన చలి జ్వరానికి రెండు దుప్పట్లు చాలలేదు. చచ్చిపోతున్నాననే అనుకుంది. అంత వణుకులోనూ ఆమె ప్రార్థించింది బతకాలని కాదు, తీగ ఎందుకు కత్తిరించావని అతను అడగకూడదని. జ్వరం తగ్గాక ఆ సంగతి తలుచుకుంటే జ్వరం కంటే అదే ఎక్కువ భయం వేసింది. తర్వాత వెల్డింగు షాపు జయపాల్‌ను అడిగి పూత లేని స్టీలు పుల్లలు తెచ్చుకుంది. వాటి కొసలకు సుద్దమట్టి, బూడిద కలిపి పూసి ఆరబెడితే పూస అంటుకోకుండా జారి వస్తుంది.

ఇవన్నీ దొడ్డి చివర మేకల పాకలో పెట్టింది. అత్త లిదియమ్మ మేకలమ్మేశాక అది ఖాళీ. వాసనని డేవిడ్‌రాజు అటు పోడు. ఆ పాకకు పాత వేపచెక్క తలుపు ఉంది. తీస్తే కిర్రుమని వీధి దాకా వినపడుతుంది. ఆ ఇంట్లో ఎవరైనా వస్తే ముందుగా చెప్పే తలుపు అదొక్కటే.

మొదటిసారి మంట ముందు కూర్చున్నప్పుడు ఆమె తన చేతులను చూసి తానే ఆశ్చర్యపోయింది. ఇంట్లో ఆ చేతుల్లోంచి గ్లాసులు జారతాయి. పోపు గింజలు చెదురుతాయి. ఇక్కడ పుల్ల తిరుగుతూనే ఉంది, ఒకే వేగంతో. ఆగితే గాజు ఒక పక్కకు కారిపోతుంది. తొందరపడి మంటలోంచి తీస్తే పగులుతుంది. వింజమూరులో జాకెట్లు కుట్టే మధులత నీలం పూసలు చూసి, "అక్కా, తాళ్ల కొసలకు కట్టేదానికి ఇట్టాంటివి ఇంకా కావాల. ఎవురు చేసినారు?" అంది. "నేనే" అని సుధారాణి చాలా చిన్నగా చెప్పింది, గోడలకు చెవులున్నట్టు.

పోయిన ఆదివారం అతను నాలుగు తలుపులకూ నూనె వేశాడు. సీసాకు మూత పెట్టలేదు. దొడ్లోకి నడిచాడు. సుధారాణి వంటింటి కిటికీలోంచి చూస్తోంది. పాక తలుపు ముందు గొంతుక్కూర్చుని, పాత బందుల తుప్పు గుడ్డతో తుడిచి, రెండు చుక్కలు కాదు, ధారగా పోశాడు. నెట్టాడు. కిర్రుమంది. మళ్లీ పోశాడు. ఆడించి ఆడించి, చప్పుడు పోయేదాకా లేవలేదు. లోపలికి తొంగి కూడా చూడలేదు. వచ్చి కాళ్లు కడుక్కుని, "అదొకటి మిగిలిపోయినాది" అని అన్నానికి కూర్చున్నాడు.

ఏమీ అడగలేదు. ఆ రోజూ, సోమవారమూ. అడిగి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం పుల్ల మీద పూస గుండ్రమవుతుండగా మెడ వెనక బరువు తెలిసింది. తిరిగింది. అతను.

"ఏం లేదు. చూద్దామని." ఒక్కో పనిముట్టునూ వేలితో తాకుతూ వచ్చాడు. పెనం దగ్గర ఆగాడు. "ఇది మన పెనం గదా. బాగుండాయి సుధా, అన్నీ బాగుండాయి. చేసుకో. నేనేమన్నా వద్దన్నానా?" ఆమె చేతిలోంచి పుల్ల తీసుకుని, ఎర్రగా ఉన్న పూసను పక్కన చెంచా నానేసిన ముంతలో ముంచాడు. టప్‌మని పగిలి నీళ్లడుగుకు పోయింది. "అరే. ఇంత నాజూకా ఇవి?" నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చినట్టు నవ్వాడు. "షైనీకి కూడా నేర్పు. సెలవులకు వచ్చేస్తా ఉండాది గదా శనివారం. నేను రోజూ వచ్చి చూస్తాలే, మీ ఇద్దరినీ."

షైనీ వాళ్ల కూతురు. ఆత్మకూరులో హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతోంది. అతను వెళ్లాక సుధారాణి పాకలో నేల మీద కూర్చుండిపోయింది. పోయిన సెలవుల్లో ఒక సంగతి చూసింది, చూడనట్టు పక్కన పెట్టేసింది. షైనీ ముందు గదిలో చదువుకుంటూ కుర్చీని తలుపుకు ఆనించుకుంది. ఎవరూ చెప్పలేదు. ఎందుకని అడిగితే, "ఊరికేమా" అంది. తన బకెట్టు, ఆ పిల్ల కుర్చీ. ఇవాళ్టిదాకా ఆమె భయం తన ఒక్కదానిదే అనుకుంది. తన ఒంట్లోనే పుట్టి తనతోనే పోతుందనుకుంది. అది తలుపు దాటి ఎప్పుడు పోయిందో, ఎన్నాళ్లుగా ఆ పిల్ల దాన్ని మోస్తోందో. తర్వాత లేచి తలుపు చెక్కను అరచేత్తో తడిమి చూసింది. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ పుచ్చింది.

బుధవారం షెడ్డులో నర్ది చెక్క ముక్క ఒకటి తీసుకుని పెంచలనరసయ్యకు చూపించింది. "ఇది పనికిరానిదేగా, తీసుకుపోనా?"

"ఏం చేస్తావమ్మా దాంతో?"

"పనిముట్టు."

గురువారం దొడ్లో కూర్చుని చెక్కింది. అటక మీది గడియల డబ్బా దించలేదు. అవి అతను విప్పినవి, మళ్లీ విప్పగలిగినవి. జానెడు పొడవు చెక్క, అది జారడానికి రెండు కొక్కేలు, గోడలో దిగడానికి ఒక గుంట. దబ్బనాన్ని కాల్చి చిల్లులు వేస్తుంటే చెక్క పొగ లేచింది. లిదియమ్మ పాక నీడలో కూర్చుని తమలపాకు నములుతూ చూస్తోంది. కొడుకు గురించి ఇన్నేళ్లలో ఆవిడ ఒక్క మాట అనలేదు. "మొగోడు ఇంట్లోకొచ్చేసరికి పొయ్యి మీద ఎసరు ఉండాల" అనడం తప్ప. సాయంత్రం కొడుక్కి చెప్పేస్తుంది, అనుకుంది కోడలు.

"ఏందమ్మే అది?"

అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. గరిటె అనవచ్చు. "గడియ అత్తా. లోపలికి."

ముసలామె నమలడం ఆపింది. చెయ్యి చాచి చెక్కను తీసుకుంది. కళ్ల దగ్గర పెట్టుకుని, బొటనవేలితో మందం చూసింది. మామ పోయి ఇరవై ఏళ్లు.

"ఇంకొంచెం లావుగా చెయ్యి" అంది తిరిగి ఇస్తూ. "మీ మామ తోసినప్పుడు నాది ఇరిగిపోయినాది."

సుధారాణి పోయి ఇంకో ముక్క తెచ్చుకుంది.

శుక్రవారం మూడు కావస్తుండగా మంట వెలిగించింది. గడియ జరిపింది. నీలం గాజు కరిగి పుల్ల మీదికి ఎక్కుతోంది. బందులు చప్పుడు చేయవు. ఆమె తలుపు కింది సందును చూస్తోంది. అక్కడ ఎండ గీతలా పడి ఉంది. ఆ గీత మధ్యలో తెగింది. రెండు పాదాల నీడ.

తలుపు కదిలింది. గడియ టక్‌మని గుంటకు కొట్టుకుంది. ఆగింది.

ఆ క్షణంలో ఆమెకు అన్నీ కనపడ్డాయి. తలుపు విరగడం, కుండ పగలడం, ఊళ్లో మాటలు, చర్చిలో అతను లేచి కన్నీళ్లతో ఆమె కోసం ప్రార్థన చేయడం. చేతుల వైపు చూసుకుంది. పుల్లను తిప్పుతూనే ఉన్నాయి.

"సుధా. తియ్యి."

రెండోసారికి మాట వచ్చింది. "పూస మంటలో ఉండాది. అయినాక తీస్తాను."

తలుపు మీద భుజం పడింది. గోడ మట్టి రాలింది. గడియ మూలిగింది, విరగలేదు. బయట ఎక్కడో లిదియమ్మ దగ్గు వినపడింది. దగ్గి, అక్కడి నుంచి లేచి పోకుండా, తమలపాకు ఉమ్మేసిన చప్పుడు.

పాదాల నీడ వెనక్కు జరిగింది. పోలేదు. పూస గుండ్రంగా నిలిచింది. ఆమె దాన్ని మంట అంచుకు తెచ్చి, ఇంకా తిప్పుతూ, బూడిద కుండ మూత తీసింది. చప్పుడు కోసం చెవి ఒగ్గింది.

పదకొండేళ్ల తర్వాత, డేవిడ్‌రాజు తలుపు తట్టాడు.