సగం పొట్లం

రోజూ పన్నెండున్నర కాగానే పళ్ళమ్మాయి గోళ్ళలో ఇరుక్కున్న మైనం గోక్కుని, ల్యాబు కోటు మేకుకి తగిలించి, రెండు వీధులవతల ఇంట్లో ఉన్న తల్లిని లేవదీసి, చెయ్యి పట్టుకుని చెప్పుల దుకాణానికి నడిపించుకెళ్ళేది. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని కనక వీధిలో వాళ్ళు ఆమెని అలా పిలిచేవాళ్ళు. ఊళ్ళో ఎవరెవరికో నమిలే భాగ్యం కలిగించిన మనిషి, కన్నతల్లి నోరు మాత్రం తెరిపించలేకపోయింది. రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నించీ తల్లికి ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏదీ గొంతు దిగదు. బతిమాలినా అంతే, కసిరినా అంతే.

చెప్పుల దుకాణం ఒకప్పుడు హోటలు. ఊరి నడిబొడ్డున, రెండు మెట్లెక్కి లోపలికి వెళ్తే కిటికీ వారగా ఇద్దరిద్దరు కూర్చునే బల్లలుండేవి. తల్లి ఆ వీధిలోనే టైపిస్టుగా చేసినన్నాళ్ళూ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అక్కడే తినేది. హోటలు మూతపడి పదకొండేళ్ళయింది. అయినా కిటికీ పక్కన, జోళ్ళు తొడిగి చూసుకునే స్టూలు మీద ఆమె కూర్చోగానే ఒళ్ళోకి పళ్ళెం వచ్చేది, పొగలు కక్కుతూ. చెప్పులాయన వేళ దాటనిచ్చేవాడు కాదు. ఎవరైనా ఒక కాలికి బూటు తొడుక్కుని అక్కడే బైఠాయిస్తే, "లేవండి సార్, పెద్దమ్మ భోజనం టైమయింది" అని పక్కకి జరిపేవాడు. ఓసారి ఒకాయన తొడుక్కున్న ఒంటి బూటుతోనే పళ్ళెంలోని గిన్నెలోకి తొంగి చూసి, సూపు కాస్త పలచబడినట్టుందే అన్నాడు. ఆ రోజుల్లో అలాగే ఉండేదిలెండి అంది తల్లి.

వచ్చేవి ఆమె ఎప్పుడో తిన్న భోజనాలే, మొదటి శుక్రవారం నుంచి వరసగా, రోజుకొకటి. ఆ సంగతి పళ్ళమ్మాయికి తల్లి మాటల్ని బట్టి తెలిసింది. పక్కన ఎవరో టైపిస్టు కూర్చున్నట్టు, మా పాపకి ముందు పన్ను ఊడిందనేది ఒకరోజు. కొన్నాళ్ళకి, మా పాప సైకిలు నేర్చుకుంటోందనేది. చెంచాతో పళ్ళెం మధ్య గీత గీసి, ఇవతలి సగం తిని, చెయ్యెత్తి "మిగతాది కట్టి ఇవ్వండి, పాపకి" అనేది. అనగానే పళ్ళెం మాయం.

ఆ పాప ఎదురు స్టూలు మీదే కూర్చుని, తల దించుకుని ఆ మాట వినేది.

ఆ పొట్లాల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు ప్రతి శుక్రవారం సాయంత్రం తల్లి పొట్లం చేతికిచ్చి కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళేది. ఎదురింటి పిల్ల మెట్ల మీద కూర్చుని, "ఇవాళేం వచ్చిందే మీ అమ్మ ఎంగిలి?" అని అందరూ వినేలా అడిగేది. ఎంగిలి కాదు, విడిగా గీత గీసి తీసిందని ఎవరితో చెప్పుకుంటుంది? పొట్లం పట్టుకుని డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు వెనకాల నాచులో పారేసి వచ్చేది. తిన్నావా అని తల్లి అడిగితే, తిన్నానమ్మా, బావుంది అనేది.

రెండేళ్ళూ ఇలా గడిచాక ఒక మధ్యాహ్నం పళ్ళెంతో పాటు ఒక పిప్పరమెంటు బిళ్ళ వచ్చింది. తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "రేపట్నించి తలుపులు తియ్యరట. వంటాయన బయటికొచ్చి అందరితో చేతులు కలిపాడు." అలా చెప్పి చెయ్యెత్తింది. "ఇవాళ కాస్త ఎక్కువ కట్టండి, పాపకి."

మర్నాడు ఒళ్ళో ఏమీ రాలేదు. చెప్పులాయన స్టూలు ఒక జానెడు అటు జరిపాడు, ఇటు జరిపాడు, కిందున్న పట్టా ఎత్తి కూడా చూశాడు. ఆ మర్నాడూ అంతే. డాక్టరు మాత్రం సూటిగానే చెప్పాడు, ముక్కులోంచి గొట్టం వెయ్యాలని, ఈ వయసులో అదైనా నమ్మకం లేదని. పళ్ళమ్మాయి గంజి కాచింది, బతిమాలింది, చెంచా పెదాలకి ఆనించి ఏడ్చింది. తల్లి మర్యాదగా మొహం పక్కకి తిప్పుకుంది, ఎవరింట్లోనో మొహమాటపడుతున్నట్టు.

నాలుగో రోజు తల్లిని దాదాపు మోసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. తనూ ఎదురుగా కూలబడింది. ఎందుకొచ్చిందో తనకే తెలీదు. ఇంకెక్కడికి వెళ్ళాలో తెలీక వచ్చింది.

అప్పుడు తన ఒళ్ళో ఏదో బరువు.

పాత పేపరు పొట్లం, తెల్లదారం, రెండు ముళ్ళు. ఒక మూలకి పచ్చగా నాచు అంటుకునుంది.

ముడి పళ్ళతో తెంపి విప్పితే వేయించిన బంగాళాదుంపలు, సగం గుడ్డట్టు, ఇంకా వేడి. ముక్క తుంచి అందిస్తే తల్లి నోరు తెరిచింది, అడగకుండానే. నమిలింది, మింగింది. మళ్ళీ తెరిచింది. ఈసారి గీత గియ్యలేదు.

చివరి ముక్క దగ్గర ఆగి, తల్లి ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వు తిన్నావా?"

"తిన్నానమ్మా," అంది పళ్ళమ్మాయి. "బావుంది."

ఆ రోజు నుంచి రోజుకో పొట్లం వస్తోంది. అన్నీ నాచు అంటుకున్నవే. తను తినేసిన పొట్లం ఒక్కటీ రాలేదు. ల్యాబులో మైనపు పళ్ళు చెక్కుతూ ఆమె లెక్క గుర్తు తెచ్చుకోవాలని చూస్తుంది, దొరకదు. ఒక ఏడాదా, రెండేళ్ళా పారేసింది? వానాకాలం డాబా మెట్లు జారతాయని కొన్ని తినేసింది. ఎదురింటి పిల్ల ఊరెళ్ళిన సెలవుల్లో అన్నీ తినేసింది. ఒకసారి పారెయ్యడానికని పైదాకా వెళ్ళి, వాసనకి ఆగలేక, ట్యాంకుకి ఆనుకుని కూర్చుని పేపరుకంటినది కూడా నాకేసింది.

ఇప్పుడు ఆ తిన్నవి తలుచుకుంటేనే ఆమె కడుపు తరుక్కుపోతుంది.