చేపల ఆట

సగం దించిన కొట్టు షటర్ కింద నుంచి వంగి లోపలికొచ్చి, మట్టయ్య టీవీకి తగిలించిన తెల్ల వీడియో గేమ్ మిషన్ మీద దుమ్ము తుడిచాడు. బయట దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బస్సుల్లేవు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. సమ్మె ఉన్నా లేకున్నా, అతని వెనక అరలో ఆటల డిస్కులు మాత్రం కదల్లేదు.

ఆ తప్పు మట్టయ్యదే. కొట్లో ఉన్న రెండు రకాల్లో నల్ల మిషన్ల కంటే తెల్లవి ఎక్కువ పోతున్నాయని, వాటికి మిషన్ చేసిన కంపెనీవి కాక బయటి కంపెనీలు చేసిన ఆటలు తెప్పిద్దామని యజమాని పట్టాభిని ఒప్పించాడు. నల్లదాన్ని కొనేది కోచింగ్ కుర్రాళ్లు. ఏ కంపెనీదైనా సరే, కొత్త ఆట వచ్చిందంటే ఎగబడతారు. తెల్లదాన్ని కొనేది పిల్లాజెల్లా ఉన్నవాళ్లు. క్యారమ్ బోర్డు కొన్నట్టు కొంటారు. పెట్టెలో వచ్చిన ఆటతోనే ఇంటిల్లిపాదీ ఏళ్లు గడిపేస్తారు. మట్టయ్య మిషన్లను చూశాడు గానీ పాపం, మనుషుల్ని చూడలేదు.

"సాయంత్రానికి ఒక్కటి పోయినా ఆ అర ఉంచుతాను. లేకపోతే సరుకు వాపసే. నీ పని కూడా... నేనేం చెయ్యను మట్టయ్యా?" అన్నాడు పట్టాభి, మొహం చూడలేక. తెల్ల మిషన్ దగ్గర నిలబడి, వచ్చినవాళ్లతో ఆడించడమే మట్టయ్య పని.

మధ్యాహ్నం రోజూలాగే కుసుమకుమారి వచ్చింది. పక్షవాతం వచ్చి తగ్గాక ఆవిడ కుడిచెయ్యి వణుకుతుంది. చేత్తో ఊపి ఆడే ఆ రిమోట్ తాడును మట్టయ్య ఆవిడ చేతికి తొడిగి, జారకుండా బిగించాడు. చేపల ఆట పెట్టాడు. ఆ అరలో విప్పిన డిస్కు అదొక్కటే.

"తెలంగాణ వస్తే మా ఆంధ్రావాళ్లని రానిస్తావా అబ్బాయ్?" అందావిడ.

"మీరు రాకుంటె శాపలెవరు పడ్తరమ్మా?"

తెర మీద గాలం వంగింది. ఆవిడ చెయ్యి ఎత్తింది. ఇంత చేప పైకొచ్చింది. పకపకా నవ్వింది. కొనమని అడిగితే ఇప్పుడే అడగాలి అనుకున్నాడు మట్టయ్య. వాళ్లింట్లో తెల్ల మిషన్ ఉంది, కొనలేనివాళ్లూ కాదు.

"అమ్మా, గీ ఆట..."

"మా మనవడూ కొనుక్కోమనే అంటాడు. ఇంట్లో ఒక్కదాన్నే ఏం ఆడతాను? నువ్వు తాడు కట్టందే నాకు చేప పడదయ్యా."

మట్టయ్య తాడు ఇంకాస్త సరిచేశాడు. "జర గట్టిగ పట్టుకోండ్రి" అన్నాడంతే.

"రేపొస్తా" అని ఆవిడ వెళ్లిపోయింది.

సాయంత్రం డిస్కులన్నీ అట్టపెట్టెలోకి సర్దాడు. విప్పినదాన్ని వాపసు తీసుకోరు కనుక మిషన్లోనే వదిలేశాడు. రేపు ఆ అమ్మ చేతికి తాడు కట్టమని పట్టాభికి చెబుదామనుకున్నాడు. చెబితే ఏడుపొస్తుందని ఊరుకున్నాడు. టిఫిన్ డబ్బా తీసుకుని, ఎల్బీ నగర్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

కౌంటర్ మీద రిమోట్ ఉంది. దాని తాడు ఇంకా కుసుమకుమారి సన్నటి మణికట్టు కొలతకే బిగించి ఉంది.